కరతలమందలి తెర: స్నాతకోత్తర తరగతిలో మొబైల్ వెబ్ బోధన



ఏ ఆచార్యుని పుణ్యస్మృతికై ఏటేటా ఈ ఉపన్యాసము జరుగుచున్నదో, ఆయన మాకు ప్రోగ్రామింగు నేర్పిన దినములలో కంప్యూటరు గదిలోనికి పాదరక్షలు గుమ్మము వెలుపల విడిచి ప్రవేశింపవలసి యుండెను. యంత్రము ముందు కూర్చుండుటకు ఒక్కొక్కరికి దొరకు వ్యవధి స్వల్పము. అందుచేత, ప్రోగ్రామును ముందుగా కాగితముపై వ్రాసి, అందలి ప్రతి చలరాశి విలువ మెట్టుమెట్టునకు ఎట్లు మారుచున్నదో పట్టిక గీసి చూపినగాని, ఆయన ఎవ్వరిని కీబోర్డు ముట్టనిచ్చెడివారు కారు. యంత్రములు విరివియైన పిదపను ఆ నియమమును ఆయన సడలింపలేదు. సౌకర్యము పెరిగినంత మాత్రమున ఆలోచనకు సెలవీయరాదని ఆయన మతము. ఆయన పేర జరుగు ఈ సభలో, ఆయన కాలమున లేని ఒక విద్యను గూర్చి, అనగా చేతిఫోనులో తెరచుకొను వెబ్ పుటల నిర్మాణమును స్నాతకోత్తర విద్యార్థులకు బోధించుటను గూర్చి మాట్లాడుటకు నేను సాహసించుచున్నాను. ఆ బోధనలో నేడు కొఱవడినది ఆయన పాటించిన ఆ నియమమేయని నాకు తోచుటయే ఇందులకు కారణము.

నా ప్రతిపాదన ఒక్కటియే. మొబైల్ వెబ్‌ను పనిముట్ల సముదాయముగా బోధించినచో విద్యార్థి చదువు ముగిసి ఉద్యోగమున కుదురుకొనుసరికే ఆ పనిముట్లు పాతబడును. చిన్న తెర, నిలుకడ లేని సిగ్నలు, మందగమనపు ప్రాసెసరు, వ్రేలికొన, పాఠకుని లిపి అను పరిమితులను బోధించినచో అవి ఆతడు పనిచేయునంత కాలము వెంట నుండును. కనుక పాఠ్యప్రణాళికకు పరిమితులు పునాది కావలెను. పనిముట్లు ఉదాహరణములుగా వచ్చి పోవలెను.

1. పనిముట్ల ఆయుర్దాయము

ఫోనులో వెబ్ కనబడవలెనన్న సంకల్పము నేటిది కాదు. 1997లో ఎరిక్సన్, మోటరోలా, నోకియా, అన్‌వైర్డ్ ప్లానెట్ సంస్థలు కలిసి, ఫోనుకు వెబ్ పుటలనందించు వ్యాప్ పద్ధతికై వ్యాప్ ఫోరమ్‌ను స్థాపించినవి. ఆ పద్ధతి పుటలను వ్రాయుటకు డబ్ల్యూఎంఎల్ అను భాష వెలసినది. అందు ఒక్కొక్క తెరకు కార్డు అనియు, కార్డుల కట్టకు డెక్ అనియు పేర్లు. 1999లో జపానున ఎన్‌టీటీ డోకోమో ఫోను వెబ్ సేవయైన ఐ-మోడ్‌ను ప్రారంభించినది. 2007 జూన్ 29న ఐఫోను విక్రయమునకు వచ్చి, మేజాబల్లపై కంప్యూటరుకై వ్రాసిన పుటనే చేతిలోనికి తెచ్చుటతో డబ్ల్యూఎంఎల్ యుగము అస్తమించినది. 2010 మే నెలలో ఈథన్ మార్కాట్ అను అమెరికా రూపకర్త, ఒకే పుట తెరకు తగినట్లు తన్ను తాను సర్దుకొను పద్ధతిని వివరించి, దానికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని నామకరణము చేసెను. ద్రవము వలె ఒదుగు గడుల అమరిక, తెరతోపాటు కుదించుకొను చిత్రములు, తెర కొలతను బట్టి మారు మీడియా క్వెరీ నియమములు అను మూడు అంగములు ఆ పద్ధతికి మూలము.

ఆ పిదప వచ్చిన పనిముట్ల గతిని పరికింపుడు. జేక్వెరీ మొబైల్ తొలి సంపూర్ణ రూపము 2011లో వెలువడి, 2021లో విరమింపబడినది. హెచ్‌టీఎంఎల్ పుటను యాప్‌గా చుట్టి యిచ్చు ఫోన్‌గ్యాప్‌ను దాని యజమానియైన అడోబ్ 2020లో విడిచిపెట్టినది. ఆ సంవత్సరము డిసెంబరు 31తోనే ఫ్లాష్‌కును నూకలు చెల్లినవి. 2010లో పుట్టి ఒక దశాబ్దము పాటు ఉద్యోగ ప్రకటనలలో వెలిగిన యాంగ్యులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరు 31 తుదిగడువైనది. ఇవన్నియు సమర్థులు నిర్మించిన పనిముట్లే. తమ కాలమున అక్కఱకు వచ్చినవే. అయినను, బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశమై, సిలబసు అచ్చై, పాఠ్యగ్రంథము బజారుకు వచ్చి, ప్రశ్నపత్రములు కుదురుకొనులోపల, పనిముట్టు వార్ధక్యమును పొందుచున్నది. 2020-21 నుండి ఎంసీఏ మూడేండ్ల చదువు రెండేండ్లకు కుదింపబడుటచే, అందు తుది భాగము ప్రాజెక్టుకు పోగా, వెబ్ బోధనకు మిగులు కాలము మరింత సంకుచితమైనది. ఇంత అల్పవ్యవధిలో అల్పాయుష్కములను బోధించుట ద్విగుణ నష్టము.

2. తరగతిలోని విద్యార్థి

ఎంసీఏ ప్రవేశపరీక్షయైన ఐసెట్ వ్రాసి మన తరగతులకు వచ్చు విద్యార్థులలో బీసీఏ వారు, బీఎస్సీ వారు, బీకాం కంప్యూటర్స్ వారు కలిసి యుందురు. వీరిలో అనేకులు సొంత ల్యాప్‌టాప్ కొనుటకు ముందే ఏండ్ల తరబడి ఫోనుతో వెబ్‌ను వాడినవారు. హాల్‌టికెట్ దించుకొన్నది, ఫలితము చూచుకొన్నది, ఉపకారవేతనపు దరఖాస్తు నింపినది ఫోనులోనే. చిన్న తెర కష్టములను వీరికి ఎవ్వరును వర్ణించి చెప్పనక్కఱలేదు. అయినను, ల్యాబులో మానిటరు ముందు కూర్చుండగనే వీరు ఆ మానిటరుకే పుటను వ్రాయుదురు. మూడు నిలువు వరుసలు, పైన జారు చిత్రమాల, మౌసు ఆనించిన విప్పుకొను మెనూ వచ్చి చేరును. మౌసు లేనిచోట ఆ మెనూ గతియేమని ప్రశ్నించిన దిగ్భ్రమ చెందుదురు. పాఠకుడుగా తానెఱిగిన దానిని రచయితగా విద్యార్థి మఱచుచున్నాడు. ఈ రెండు అనుభవములను ఒకచోట చేర్చుట ఉపాధ్యాయుని ప్రథమ కర్తవ్యము.

అందులకు నేను మొదటి వారముననే చేయించు పని యొకటి కలదు. విద్యార్థి తాను వ్రాసిన పుటను ల్యాబు కంప్యూటరులో నడిపించి, అదే పుటను తన ఫోనులో తెరవవలెను. దాదాపు ప్రతివాడును ఫోను బ్రౌజరులో లోకల్‌హోస్ట్ అని టైపు చేయును, పుట రాదు. ఫోనునకు లోకల్‌హోస్ట్ అనగా ఆ ఫోనేయని, కంప్యూటరు కాదని, అప్పుడు గాని స్ఫురింపదు. పిదప 192.168తో మొదలగు కంప్యూటరు చిరునామాను వెదకి, రెండు యంత్రములను ఒకే వైఫైలో కలిపి, ఫైర్‌వాల్ అడ్డు తొలగించి పుటను రప్పించును. సర్వరు ఎక్కడ నున్నది, బ్రౌజరు ఎక్కడ నున్నది, నడుమనున్న మార్గమేమి అను ప్రశ్నలకు బోర్డుపై గీసిన బాణముల కంటె ఆ అరగంట ప్రయాస స్పష్టముగా సమాధానమిచ్చును.

3. తెర

ఐఫోను తొలిరూపమున తెర వెడల్పు 320 పిక్సెళ్లు. నాటి పుటలు విశాలమైన మానిటర్లకై వ్రాయబడినవగుటచే, సఫారీ బ్రౌజరు తన వెడల్పు 980 పిక్సెళ్లని పుటను నమ్మించి, అట్లు పరచిన దానిని కుదించి చూపెను. చదువదలచినవారు రెండు వ్రేళ్లతో సాగదీసికొనవలెను. పుటను అట్లు కుదింపక పరికరపు నిజమైన వెడల్పుకే పరచుమని చెప్పుటకు ఆపిల్ సంస్థ కల్పించిన వ్యూపోర్ట్ మెటా ట్యాగు నేడు ప్రతి పుటలోను శీర్షభాగమున నుండును. విద్యార్థులు దానిని మంత్రమువలె నకలు చేయుదురు. ఆ ఒక్క వరుసను తొలగించి ఫోనులో చూడుమందును. అక్షరములు చీమలబారు వలె మారును. మరల చేర్చిన యథాస్థితికి వచ్చును. తదుపరి ప్రశ్న: 2010లో వచ్చిన ఐఫోను 4 తెరపై అడ్డముగా 640 చుక్కలుండగా, పుటకు మాత్రము వెడల్పు 320గానే ఏల తోచెను? పరికరపు భౌతిక బిందువు వేఱు, సీఎస్‌ఎస్ పిక్సెల్ వేఱు అను సూక్ష్మమునకు ఈ ద్వారమున ప్రవేశించిన విద్యార్థి దానిని ఎన్నటికిని మఱువడు.

అయితే తెర సంకుచితమైనప్పుడు కేవలము కొలతలను మార్చుట చాలదు; ఏది ఉంచవలెను, ఏది విడువవలెనను వివేకము కావలెను. నా తరగతిలో ఇందులకు గుంటూరు మిర్చియార్డు ధరల పట్టికను అభ్యాసముగా నిత్తును. రకము, వచ్చిన బస్తాలు, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన ధర అని ఐదు నిలువు వరుసలు. తేజ, 334, 341, బాడిగ, ఆర్మూరు, తాలు అని అడ్డవరుసలు. మానిటరుపై ఈ పట్టిక సుందరముగా నుండును. ఫోనులో కుడివైపు వరుసలు తెర వెలుపలికి పోవును. కొందఱు పట్టికను ప్రక్కకు జరుపుకొనునట్లు చేయుదురు. అప్పుడు ధర కనబడుచోట రకము పేరు కనబడదు. కొందఱు ఒక్కొక్క రకమును ఒక్కొక్క కార్డుగా విడదీయుదురు. అప్పుడు రెండు రకములను సరిపోల్చు వీలు నశించును. మొదటి వరుసను కదలనీయక నిలుపువారు మఱికొందఱు. వారికి మిగిలిన స్థలము చాలదు. నష్టము లేని మార్గము లేదని తెలిసిన పిదప గాని తరగతిలో అసలు ప్రశ్న పుట్టదు: ఈ పుటను తెరచువాడెవడు? యార్డుకు సరుకు తోలవలెనా, కోల్డ్‌స్టోరేజీలో ఉంచవలెనా అని తలపోయు రైతు తన రకము ధర నేడెంత, నిన్నటికంటె హెచ్చినదా తగ్గినదా అని చూచును. కమీషన్ వ్యాపారి అన్ని రకములను ఒక్క చూపున సరిపోల్చగోరును. ఎవరికొఱకు వ్రాయుచున్నామో నిర్ణయించుకొనిన పిదప సీఎస్‌ఎస్ తనంత తాను కుదురుకొనును.

మన గోడ క్యాలెండరు కూర్చువారు అంగుళమునకు మించని గడిలో తేదీ, తిథి, నక్షత్రము, వర్జ్యము, దుర్ముహూర్తము ఇమిడ్చి, తేదీని దూరమునకు, తక్కినవానిని దగ్గఱకు వచ్చి చూచుటకు తగిన పరిమాణములలో అచ్చొత్తుదురు. చిన్న తెరకు వ్రాయువాడును ఏది దూరమునకు, ఏది చేరువకు అను తారతమ్యమును అట్లే నిర్ణయింపవలెను.

4. లిపి

మొబైల్ వెబ్ పాఠ్యగ్రంథములు ప్రాయికముగా ఆంగ్లాక్షరములనే ఉదాహరింపగా, మన విద్యార్థులు రేపు వ్రాయు పుటలలో అనేకము తెలుగులో నుండవలసినవి. లిపి మారినప్పుడు మారునది అలంకారము మాత్రమే కాదు. యూనికోడ్‌లో తెలుగు వర్ణము ఒక్కొక్కటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లను ఆక్రమించును. రామచంద్రపురం అను ఊరిపేరును తీసికొనుడు. కంటికి కనబడునవి ఆఱు అక్షరములు. జావాస్క్రిప్ట్‌ను పొడవెంతయని అడిగిన 12 అనును. ఏలయన దీర్ఘము, సున్న, పొల్లు, కొమ్ము అన్నియు దానికి వేర్వేఱు అంకములు. నిలువచేయునప్పుడు అవి 36 బైట్లగును. స్థలము చాలదని ఏడవ అంకము వద్ద ఖండించి మూడు చుక్కలు పెట్టు ప్రోగ్రాము, రామచంద్ అని పొల్లుతో నిలిపి, రవత్తును తెగనఱకును. దరఖాస్తు పత్రమున పేరునకు ఇన్ని అక్షరములే అని హద్దు పెట్టు విద్యార్థి, ఆ హద్దు ఎవరి లెక్కలోనిదో ఎఱుగక పెట్టుచున్నాడు. తమ యింటిపేరును, ఊరిపేరును ఈ రీతిని లెక్కించి చూడుమన్నప్పుడు తరగతిలో పుట్టు కలకలము చూడదగినది.

వరుసల నడుమ దూరము మఱియొక విషయము. ఆంగ్లమునకు సరిపోవు ఎడము తెలుగునకు చాలదు. పై వరుసలోని వత్తులు, క్రింది వరుసలోని గుడులు, ఏత్వములు ఒండొంటిని ఒరసికొనును. అక్షరముల ఎత్తునకు ఒకటిన్నర రెట్లకు తక్కువ కాకుండ ఎడమిచ్చినగాని పుట చదువ వీలుగా నుండదు. అట్లిచ్చిన తెరపై పట్టు వరుసల సంఖ్య తగ్గును. ఇక ఫాంటు సంగతి: సంయుక్తాక్షరముల రూపములన్నియు ఇమిడియుండుటచే తెలుగు ఫాంటు బరువైనది, వంద కిలోబైట్లను దాటునవి అరుదు కావు. అది దిగివచ్చులోపల పుట ఖాళీగా నుండవలెనా, ఫోనులోనున్న ఫాంటుతో ముందు చూపి పిదప మార్చవలెనా అనునది ప్రతి రచయితయు తీర్చుకొనవలసిన సంశయము.

ఈ విషయములు ప్రాంతీయులకే పరిమితమని తలచువారికి 2018 ఫిబ్రవరిని జ్ఞప్తి చేయుదును. జకారము, పొల్లు, ఞకారము, వాని వెనుక కంటికి కనబడని ఒక విభాజకము, ఆపై దీర్ఘము చేరిన ఒక తెలుగు అక్షరక్రమము సందేశముగా వచ్చినచో, దానిని తెరపై పరచలేక ఐఫోనులోని యాప్‌లు కూలిపోయినవి. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి ఆ దోషమును సవరించినది. లోకమందలి ప్రసిద్ధ సంస్థ వ్రాసిన ప్రోగ్రామునే తడబడజేసిన లిపి మనది. దానిని చదివి వ్రాయగల విద్యార్థులే దానిని పరీక్షింపకున్న మఱెవ్వరు పరీక్షింతురు?

5. మార్గము

2016 సెప్టెంబరు 5న జియో సేవలు ప్రారంభమైన పిదప డేటా ధర పడిపోయి, మన పల్లెలలో వెబ్ వాడకము వెల్లువయైనది. 2017లో అదే సంస్థ విడుదల చేసిన జియోఫోనునకు తెర 2.4 అంగుళములు, స్పర్శ లేదు, మీటలే శరణ్యము. మొబైల్ అనగా స్పర్శయేయని నిర్వచించు పాఠములు అచ్చట వ్యర్థమైనవి. మీటలతో ఒక లంకె నుండి మఱియొక లంకెకు క్రమముగా పోవు వీలును కల్పించిన పుట అచ్చట నిలిచినది. టాక్‌బ్యాక్ సాయమున వినుచు చదువు అంధులకు సయితము అదే పుట అక్కఱకు వచ్చును. డబ్ల్యూ3సీ సౌలభ్య సూత్రములు అక్షరమునకు, వెనుకనున్న రంగునకు కనీసము 4.5:1 తారతమ్యమును కోరుచున్నవి. 2023లో వచ్చిన 2.2వ రూపము నొక్కదగిన చోటు 24 పిక్సెళ్లకు తగ్గరాదనుచున్నది. వీనిని ల్యాబులో బట్టీయము పట్టించుట కంటె, మిట్టమధ్యాహ్నము ఆరుబయట నిలిచి, లేత బూడిదరంగు అక్షరములతో వ్రాసిన తమ పుటను తామే చదువుమనుట శ్రేయస్కరము.

డేటా చౌకయైనను సిగ్నలు నిలుకడగా నుండునని హామీ లేదు. ఘాటురోడ్డుపై సాగు బస్సులో, సొరంగమున దూరిన రైలులో, భవనపు నేలమాళిగలో అది తెగుచుండును. సర్వీస్ వర్కర్ అను ప్రోగ్రాము పుటకును, నెట్‌వర్కునకును నడుమ నిలిచి, ఏ అభ్యర్థనకు నిలువలోనుండి సమాధానమీయవలెను, దేనికి సర్వరును అడుగవలెనను నిర్ణయమును రచయిత చేతికిచ్చును. 2015లో ఫ్రాన్సెస్ బెరిమన్, అలెక్స్ రసెల్ ప్రోగ్రెసివ్ వెబ్ యాప్ అను పేరు పెట్టిన పుటలకు ఇదియే ఆయువుపట్టు. అదే సంవత్సరము మన ఫ్లిప్‌కార్ట్ లైట్ ఆ మార్గమున తొలి అడుగులు వేసిన వానిలో నొకటి. మిర్చిధరల పుటకు ఈ పాఠమును అన్వయింతును. సిగ్నలు లేనప్పుడు నిలువచేసిన ధరను చూపవచ్చునా? తేదీ, వేళ స్పష్టముగా ముద్రించినచో చూపవచ్చును. ముద్రింపనిచో అది నిన్నటి ధరను నేటి ధరయని నమ్మించుటయగును. ఇట్లు సాంకేతిక ప్రశ్న నీతిప్రశ్నగా పరిణమించును. స్నాతకోత్తర విద్యకు తగిన చర్చ యిట్టిదే.

ఇచ్చటనే విద్యార్థులను కలవరపెట్టు చిక్కు మఱియొకటి యెదురగును. కంప్యూటరులో చక్కగా పనిచేసిన సర్వీస్ వర్కర్, ఫోనులో 192.168 చిరునామాతో తెరచినప్పుడు మేల్కొనదు. సురక్షితమైన హెచ్‌టీటీపీఎస్ మార్గమున గాని, లోకల్‌హోస్ట్‌లో గాని తప్ప దానికి అనుమతి లేదు. నడుమనున్న ప్రోగ్రాము దుష్టుల చేతిలో పడిన పుటయంతయు వారి వశమగును గావున ఈ కట్టడి. యూఎస్‌బీ కేబులు తగిలించి, క్రోమ్‌లోని పోర్ట్ ఫార్వర్డింగ్ సాయమున, ఫోనులోని లోకల్‌హోస్ట్‌ను కంప్యూటరునకు మళ్లించుట దీనికి ఉపాయము. ఈ ఉపాయమును నేను ముందుగా చెప్పను. కారణమును కనుగొనినవారికి ఉపాయము తమంతట దొరకును.

బరువు తూచుటయు నేర్పవలెను. రెండువందల కిలోబైట్ల చిత్రమును, అంతే బరువుగల జావాస్క్రిప్ట్‌ను సమానముగా నెంచరాదు. రెండవదానిని ఫోను దించుకొనిన పిదప చదివి, అర్థము చేసికొని, నడుపవలెను. ఖరీదైన ల్యాప్‌టాపులో కనుఱెప్పపాటున ముగియు ఈ తతంగము చౌకఫోనులో పలుమడుగుల కాలము గొనును. ప్రధాన విషయము 2.5 సెకన్లలోపల తెరపైకి రావలెనని, నొక్కిన 200 మిల్లీసెకన్లలోపల స్పందన కనబడవలెనని గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ విధించుచున్నవి. సగటు పాఠకునికి బాగున్న చాలదు. నలుగురు పాఠకులలో ముగ్గురికైనను ఆ హద్దులు నెరవేరవలెనని దాని లెక్క.

6. పరీక్ష

మన ప్రాక్టికల్ పరీక్షలో చీటీ తీయుట, చీటీలోని ప్రోగ్రామును వ్రాయుట, రికార్డు చూపుట, ఎక్స్‌టర్నల్ అడుగు రెండు మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట సంప్రదాయము. కృత్రిమ మేధ అడిగినంతనే పుటను వ్రాసియిచ్చు ఈ దినములలో, వ్రాయగలుగుటకు మార్కులు వేయుట అర్థరహితమగుచున్నది. అట్లని ఆ యంత్రమును నిషేధించుటయు నిష్ప్రయోజనము. అది వ్రాసిన పుటను తీసికొనియే పరీక్ష ప్రారంభింపవచ్చును: దీనిలో బరువేది, ఏది లేకున్నను పుట పనిచేయును, ఏ ఫోనులో ఇది చెడును, తెలుగు పేరు వచ్చిన ఏమగును? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు, మా ఆచార్యులు పట్టిక గీయించినట్లు, ప్రతి వరుస ఫలితమును మనసున నడిపించి చూడగల శక్తి కావలెను.

కావున ఈ సభాముఖమున మూడు సూచనలు మనవి చేయుచున్నాను. ఒకటి, ప్రతి విభాగమును నాలుగేండ్ల నాటి చౌకఫోనులు కొన్నింటిని ల్యాబు ఆస్తిగా కొని యుంచవలెను. మానిటరుపై ఫోను చట్రము గీసి చూపు అనుకరణ వానికి ప్రత్యామ్నాయము కాజాలదు. రెండు, ప్రతి ప్రాజెక్టును కంప్యూటరు చదువని ఒక వ్యక్తి చేతికిచ్చి, విద్యార్థి నోరు మెదపక చూచి, చూచినది రికార్డులో వ్రాయవలెను. ఆ వ్యక్తి హాస్టలు వంటమనిషి కావచ్చును, విద్యార్థి తల్లి కావచ్చును. మూడు, సిలబసులో పనిముట్ల పేర్లను అధ్యాయ శీర్షికలుగా నుంచక, తెర, లిపి, మార్గము, బరువు, సౌలభ్యము అను శీర్షికల క్రింద ఆ యా ఉపాధ్యాయుల ఇష్టమునకు విడువవలెను. అట్లు చేసిన పనిముట్లు మారినప్పుడెల్ల బోర్డును సమావేశపఱుపనక్కఱలేదు.

క్యాంపస్ ఎంపికలకు వచ్చు కంపెనీలు పనిముట్ల పేర్లనే అడుగునని, విద్యార్థుల తల్లిదండ్రులు ఉద్యోగమునే చూతురని మిత్రులు ఆక్షేపింతురు. ఆక్షేపణ సమంజసమే, కనుకనే పనిముట్లను బహిష్కరింపుమని నేననుటలేదు. కారణమెఱిగినవానికి క్రొత్త పనిముట్టు నేర్చుకొనుటకు కొన్ని వారములు చాలును. పనిముట్టు మాత్రమే యెఱిగినవాడు అది పోయిన దినమున తిరిగి మొదటి తరగతిలో చేరవలెను. విద్యార్థి రెండేండ్ల కాలమును, తల్లిదండ్రుల సొమ్మును మనము వెచ్చింపజేయుచున్నప్పుడు, ఈ రెండింటిలో దేనికై వెచ్చింపజేయుచున్నామో చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయులమగు మనదే. రాబోవు సిలబసు సవరణలో ఈ సూచనలను చర్చకు పెట్టుటకు ఇచ్చటి విభాగాధిపతులు పూనుకొందురని ఆశించుచున్నాను.